చీకట్లో చూపు: ఎర్ర లైటు, ఓరచూపు, కనబడని మెట్లు

మసకవెలుగు (సోమవారం, రాత్రి 8:10)
వచ్చే అమావాస్యకి ఊరి బయట స్కూలు మేడ మీద చుక్కలు చూపించే కార్యక్రమం ఉంది. 30 మంది దాకా వస్తారు. అందులో పదేళ్ల పిల్లలున్నారు, 70 దాటిన పెద్దవాళ్లూ ఉన్నారు. ముందుగా ఒక పేజీ సూచనలు అచ్చువేసి ఇవ్వాలి. తేల్చుకోవాల్సినవి మూడు.

ఒకటి, కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఎంతసేపు అని రాయాలి? ఒకరు 10 నిమిషాలంటారు, ఇంకొకరు 40 అంటారు. రెండు, టార్చికి ఎర్ర కాగితం చుడితే సరిపోతుందా? మూడు, మేడ మెట్లకి రెడ్ ఆక్సైడ్ వేసి ఉంది, దిగేటప్పుడు జనం తడబడకుండా ఏం చేయాలి? కారణంతో సహా చెప్పండి. కారణం తెలియకపోతే జనం పాటించరు.

రెటీనా మాస్టారు (సోమవారం, రాత్రి 8:52)
10, 40 రెండూ నిజమే. అవి రెండు వేర్వేరు కణాల లెక్కలు.

రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, శంకుకణాలు దాదాపు 60 లక్షలు. రంగు, సన్నటి వివరం వీటి పని, కానీ వెలుతురు బాగా కావాలి. దండకణాలు 9 నుంచి 12 కోట్లు. ఇవి మసకలో పనిచేస్తాయి. వెలుతురులోంచి చీకట్లోకి వచ్చాక ముందు శంకుకణాలు కోలుకుంటాయి, 5-10 నిమిషాల్లో వాటి శక్తి అంతటితో ఆగిపోతుంది. అక్కడే చాలామంది ‘అలవాటు పడిపోయింది’ అనుకుంటారు. అప్పటికి దండకణాల పని ఇంకా మొదటి మెట్టు మీదే ఉంటుంది. వాటిలో రోడాప్సిన్ అనే రంగుపదార్థం వెలుతురు తగిలితే విడిపోతుంది, తిరిగి కూడటానికి సమయం పడుతుంది. సుమారు 5 నిమిషాలకి సగం, ఇంకో 5 నిమిషాలకి మిగిలినదాంట్లో సగం, అలా. అందుకే 30-40 నిమిషాలు.

కంటిపాప పెద్దదవడం వల్లే ఇదంతా అనుకుంటారు, కాదు. పాప 2 మి.మీ. నుంచి 8 మి.మీ. అయినా వైశాల్యం 16 రెట్లే పెరుగుతుంది, అదీ కొన్ని సెకన్ల పని. మొత్తం సర్దుబాటు దాదాపు లక్ష రెట్లు. మిగతాదంతా రసాయనమూ, నరాల అమరికా.

పేజీలో ‘30 నిమిషాలు, మధ్యలో ఒక్కసారి కూడా తెల్ల లైటు వద్దు’ అని రాయండి. ఆ రెండో సగమే ముఖ్యం. 25వ నిమిషంలో ఎవరో ఫోను తీసి ముఖం మీద పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికి.

కెమెరా బావ (సోమవారం, రాత్రి 9:15)
ఎర్ర లైటు అనేది పాత నమ్మకం అండి. ఇప్పుడు యుద్ధవిమానాల్లో డాష్‌బోర్డు ఆకుపచ్చ లైట్లే. ఎర్రదే మంచిదైతే వాళ్లెందుకు మారతారు?

రెటీనా మాస్టారు (సోమవారం, రాత్రి 9:31)
బావగారూ, వాళ్లు మారింది కంటి కోసం కాదు, నైట్ విజన్ గాగుల్స్ కోసం. ఆ గాగుల్స్‌లోని గొట్టం ఎరుపుకీ పరారుణానికీ విపరీతంగా స్పందిస్తుంది. కాక్‌పిట్‌లో ఎర్ర లైటు ఉంటే గాగుల్స్‌లో దృశ్యం తెల్లబోతుంది. మన మేడ మీద గాగుల్స్ లేవు కదా.

కంటి లెక్క ఇది. దండకణాల స్పందన 507 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (నీలి ఆకుపచ్చ) దగ్గర శిఖరం. 630 (ఎరుపు) దగ్గరికి వచ్చేసరికి ఆ శిఖరంలో 0.3 శాతం, 660 దగ్గర 0.03 శాతం. పగటి చూపు మాత్రం 630 దగ్గర తన శిఖరంలో 26 శాతం, 660 దగ్గర 6 శాతం ఇంకా మిగుల్చుకుంటుంది. అంటే ఎర్ర వెలుతురులో శంకుకణాలు అక్షరం చదువుతుంటే దండకణాలకి దాదాపు ఏమీ తెలియదు. లాభం అక్కడుంది.

అయితే ‘దాదాపు’ అన్నాను. చీకటికి అలవాటైన దండకణం ఒక్క ఫోటాన్‌కి, అంటే ఒక్క వెలుతురు రేణువుకి కూడా స్పందించగలదు. 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ చేసిన ప్రయోగంలో, కంటి ముందుకి 54 నుంచి 148 ఫోటాన్ల మెరుపు వస్తే మనిషి గుర్తించగలిగాడు. అందులో దండకణాలు నిజంగా పట్టుకున్నవి 5 నుంచి 14 మాత్రమే అని వాళ్ల లెక్క. అలాంటి కణాల ముందు దండిగా ఎర్ర లైటు వేస్తే 0.3 శాతం కూడా ఎక్కువే. మసక తెల్లదనం కన్నా జిగేల్‌మనే ఎరుపే ఎక్కువ చెడగొడుతుంది. ముందు మసక, తర్వాతే ఎరుపు.

ఓం నియమం (సోమవారం, రాత్రి 10:04)
టార్చి సంగతి నేను చెబుతా.

తెల్ల ఎల్ఈడీకి ఎర్ర సెల్లోఫేన్ చుట్టడం అంత నమ్మకం కాదు. తెల్ల ఎల్ఈడీ అంటే లోపల నీలి ఎల్ఈడీ, మీద పసుపు ఫాస్ఫర్ పూత. అందులో ముదురు ఎరుపే తక్కువ, నీలం దండి. పలుచటి సెల్లోఫేన్ ఒక పొరలోంచి నీలం, ఆకుపచ్చ కారుతూనే ఉంటాయి. పరీక్ష తేలిక: చీకటి గదిలో టార్చి వెలుతురుని పాత సీడీ వెనకవైపు పడనిచ్చి అందులో పట్టీలు చూడండి. ఎరుపు ఒక్కటే ఉంటే సరే. పక్కన ఆకుపచ్చో నీలమో కనిపిస్తే ఇంకో పొర చుట్టాలి. మూడు పొరలకీ పోకపోతే ఆ కాగితం పారేయండి.

దానికన్నా ఒక ఎర్ర ఎల్ఈడీ, రెండు పెన్సిల్ సెల్స్ (3 వోల్టులు), వరసలో 1 కిలో ఓమ్ రెసిస్టరు, అదే వరసలో 10 కిలో ఓమ్ పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టరు). ఎర్ర ఎల్ఈడీ మీద పడేది సుమారు 2 వోల్టులు, మిగిలిన 1 వోల్టు 1 కిలో ఓమ్ మీద పడితే 1 మిల్లీ ఆంపియర్. పాట్ మొత్తం తిప్పితే 11 కిలో ఓమ్‌లు, అంటే 0.09 మిల్లీ ఆంపియర్. ఆ రెంటి మధ్యనే కావాల్సినదంతా ఉంటుంది. 20 మిల్లీ ఆంపియర్ ఇచ్చారో, అది ఆటో వెనక లైటే.

సర్దుబాటు గదిలో చేయకండి. 20 నిమిషాలు చీకట్లో కూర్చున్నాక, ఒడిలో కాగితం పెట్టుకుని, అక్షరం కష్టం మీద చదవగలిగేంత వరకూ తగ్గించి, అక్కడ పాట్ మీద మార్కరుతో గుర్తు పెట్టుకోండి.

అద్దాలషాపు (సోమవారం, రాత్రి 10:40)
పెద్దవాళ్ల విషయంలో ఎర్ర లైటుకి ఒక చిక్కు ఉంది. కంటి కటకం ఎరుపుని నీలం కన్నా వెనగ్గా కేంద్రీకరిస్తుంది, అంటే ఎర్ర కిరణాలు రెటీనా వెనక్కి పోతాయి. కుర్రాళ్ల కన్ను కాస్త బిగించి సర్దుకుంటుంది. చత్వారం వచ్చినవాళ్లకి ఆ బిగింపు లేదు, అక్షరాలు అలుక్కుపోతాయి. కాబట్టి పేజీలో అక్షరాలు పెద్దవి వేయండి, దగ్గరి చూపు అద్దాలు తెచ్చుకోమనండి. ఇంకో మాట, సూచనల్లో ముఖ్యమైనవి ఎర్ర సిరాతో అచ్చువేయకండి. తెల్ల కాగితం, ఎర్ర సిరా రెండూ ఎర్ర లైటులో ఒక్కటే, రాత మాయం.

దూరపు చూపుకీ ఒకటుంది. చీకట్లో పాప విప్పారినప్పుడు చాలామందికి అర డయాప్టరు (అద్దాల పవరు కొలత) నుంచి ఒక డయాప్టరు దాకా అదనపు హ్రస్వదృష్టి వస్తుంది. పగలు అద్దాలు అక్కర్లేనివాళ్లకి కూడా చుక్క చుక్కలా కాక పువ్వులా కనిపించేది అందుకే. పాత అద్దాలు ‘ఇంట్లోనే ఉన్నాయి, అవసరం లేదు’ అనేవాళ్లని వెంట తెమ్మనండి.

బైనాక్యులర్లు: 7×50లో (7 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 50 మి.మీ.) బయటికొచ్చే వెలుతురు కడ్డీ వెడల్పు 50 భాగించు 7, అంటే 7.1 మి.మీ. ఇరవై ఏళ్ల కన్ను అంత తెరుచుకోగలదు. డెబ్భై ఏళ్ల కన్ను చాలాసార్లు 5 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది, మిగతా వెలుతురు పాప చుట్టూ ఉండే రంగు భాగం మీద పడి వృథా. పెద్దవాళ్లకి 10×50 ఇవ్వండి, సరిగ్గా 5 మి.మీ. అయితే చేతి వణుకు ఎక్కువ తెలుస్తుంది, పిట్టగోడ మీద మోచేతులు ఆనించమనండి.

తుంగభద్ర తీరం (మంగళవారం, ఉదయం 6:25)
రంగుల గురించి ఒక సందేహం. ఓరియన్ నెబ్యులా (ఆకాశంలో ఒక వాయుమేఘం) ఫోటోల్లో గులాబీ రంగులో దగదగలాడుతుంది. టెలిస్కోపులో బూడిద మబ్బు. జనం నిరాశపడతారు. వాళ్లకేం చెప్పాలి?

రెటీనా మాస్టారు (మంగళవారం, ఉదయం 7:10)
దండకణాల్లో రంగుపదార్థం ఒకే రకం. రంగు తెలియాలంటే కనీసం రెండు రకాల కణాల జవాబులు పోల్చాలి. శంకుకణాల్లో మూడు రకాలున్నాయి, శిఖరాలు సుమారు 420, 534, 564 నానోమీటర్ల దగ్గర. మెదడు ఈ మూడింటి తేడాల్ని బట్టే రంగు చెబుతుంది. ఒకే రకం ఉంటే ‘తక్కువ వెలుతురు’, ‘ఎక్కువ వెలుతురు’ తప్ప ఇంకేం చెప్పలేదు. కాబట్టి బూడిదే.

అందులోనూ ఆ గులాబీ హైడ్రోజన్‌ది, 656 నానోమీటర్లు. పైన చెప్పిన అంకె గుర్తుందిగా, 660 దగ్గర 0.03 శాతం. నెబ్యులాలో మన కంటికి అందేది ఎక్కువగా ఆక్సిజన్ గీత (ఆ వాయువు వెలిగే ఒక రంగు), 500.7 నానోమీటర్లు. దండకణాల శిఖరానికి పక్కిల్లు. పెద్ద టెలిస్కోపులో కొందరికి లేత ఆకుపచ్చ ఛాయ తగిలేది ఆ గీత వల్లే, అక్కడ వెలుతురు శంకుకణాలు కూడా మేలుకునేంత ఉంటుంది కనుక. కెమెరా సెన్సారు నిమిషాల తరబడి ఫోటాన్లు పోగుచేస్తుంది. కన్ను సెకనులో పదో వంతు కన్నా ఎక్కువసేపు పోగుచేయలేదు.

జనానికి ముందే పరిచయం కావాలంటే సాయంత్రమే మొదలుపెట్టండి. ఒక మందారపువ్వుని ఆకులతో సహా గ్లాసులో పెట్టి పిట్టగోడ మీద ఉంచండి. పొద్దుండగా పువ్వు ఆకు కన్నా కళకళలాడుతుంది. పొద్దు కుంకాక 20-40 నిమిషాల మధ్య ఎక్కడో తారుమారవుతుంది: పువ్వు నల్లబడి ముద్దలా, ఆకు బూడిదగా, దానికన్నా తేటగా. చూపు శిఖరం 555 నుంచి 507కి జరిగింది, అంతే. 1825లో పుర్కిన్యే వర్ణించినది ఇదే. ఒక్కొక్కరిని ‘ఇప్పుడు ఏది తేటగా ఉంది?’ అని 5 నిమిషాలకోసారి అడగండి, అందరికీ ఒకేసారి మారదు.

చుక్కలబండి (మంగళవారం, ఉదయం 9:48)
దీనికి తోకగా: ఆర్ద్ర వెలుగు అంచనా వేసేటప్పుడు కూడా ఇదే గొడవ. అది ఎర్ర చుక్క. తదేకంగా చూస్తుంటే వెలుగు పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఓరగా చూస్తే తెల్ల చుక్కలతో పోల్చినప్పుడు తగ్గినట్టు అనిపిస్తుంది. రెండు చుక్కల మధ్య చూపుని చటుక్కున అటూ ఇటూ తిప్పుతూ పోల్చాలి, ఒకదాని మీద నిలపకూడదు.

ఇక ఓరచూపు. ఫోవియా, అంటే చూపు నడిబొడ్డున, సుమారు 1 డిగ్రీ పైచిలుకు మేర దండకణాలే లేవు. చీకట్లో అక్కడ గుంట. సూటిగా చూసిన మసక వస్తువు ఆ గుంటలో పడి మాయమవుతుంది. దండకణాల దట్టం 18-20 డిగ్రీల దూరంలో ఎక్కువ, కానీ అంత పక్కకి పోతే వివరం పోతుంది. 8 నుంచి 16 డిగ్రీలు పనికొస్తుంది. చాపిన చేతి పిడికిలి వెడల్పు 10 డిగ్రీలు, అదే కొలబద్ద.

ఎటువైపుకి అన్నది కూడా రాయండి, అందరూ మర్చిపోయేది ఇదే. ప్రతి కంటికీ చెవివైపు సుమారు 15 డిగ్రీల దగ్గర అంధబిందువు ఉంటుంది. కుడికంటితో చూస్తున్నప్పుడు వస్తువుకి ఎడమపక్కకి చూపు తిప్పితే వస్తువు సరిగ్గా అందులో పడొచ్చు. కాబట్టి కుడికన్నైతే వస్తువుకి కుడివైపుకి, ఎడమకన్నైతే ఎడమవైపుకి చూడాలి. వస్తువు ముక్కువైపు ఉండాలి, అంతే సూత్రం.

మొదట అరుంధతితో మొదలెట్టకండి. వశిష్ఠుడి పక్కన 12 ఆర్క్ నిమిషాల (ఒక్కోటి డిగ్రీలో అరవయ్యో వంతు) దూరంలో ఉంటుంది, వెలుగు 4వ ప్రమాణం, మంచి ఆకాశంలో సూటిచూపుకే దొరుకుతుంది. పెళ్లిలో పంతులుగారు పట్టపగలు చూపించినా తలూపేస్తాం, అది వేరే సంగతి. ఓరచూపు సాధనకి ఆండ్రోమెడా గెలాక్సీ మంచిది. సూటిగా చూస్తే ‘ఉందా లేదా’, ఓరగా చూస్తే పొడుగాటి మబ్బు మరక. చూపుని కదలకుండా 5-6 సెకన్లు నిలపాలి.

మసకవెలుగు (మంగళవారం, మధ్యాహ్నం 1:20)
ఇవన్నీ పేజీకెక్కుతున్నాయి. మూడో ప్రశ్న మిగిలింది. రెడ్ ఆక్సైడ్ మెట్లు, లోతు.

ఇంకొకటి: ఒక కన్ను గంతకట్టుకుని, ఆ కన్నుని చీకటికే అట్టిపెట్టుకోమని సలహా ఇవ్వొచ్చా?

లోతుకొలత (మంగళవారం, మధ్యాహ్నం 3:05)
గంత టెలిస్కోపు దగ్గర కూర్చున్నవాడికి సరే. గంతతో మెట్లు దిగడం, గంత తీసిన వెంటనే బండి నడపడం మాత్రం వద్దని రాయండి. కారణం రెండు ముక్కల్లో చెప్పడం కన్నా చేసి చూపించడం మేలు, పది రూపాయల ఖర్చు.

మీటరు పొడవు దారం, చివర నిమ్మకాయ. తలుపు పై కమ్మీకి కట్టండి. 2 మీటర్ల దూరంలో నిలబడి, నిమ్మకాయని మీకు అడ్డంగా, కుడి-ఎడమలుగా, అటు 25 సెం.మీ. ఇటు 25 సెం.మీ. ఊపండి. ముందుకీ వెనక్కీ కాదు, అడ్డంగానే. రెండు కళ్లూ తెరిచి, కుడికంటి ముందు మాత్రం నల్లద్దం అడ్డం పెట్టుకోండి. చూపు ఊగే కాయని వెంటాడకుండా, దారం నిలువుగా ఉండే నడిమి చోటే నిలపండి. కాయ తిన్నగా ఊగడం మానేసి గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. కుడివైపుకి వెళ్తూ మీకు దగ్గరగా, ఎడమవైపుకి వస్తూ దూరంగా. అద్దం ఎడమకంటికి మారిస్తే తిరిగే దిశ మారిపోతుంది.

కారణం: వెలుతురు తక్కువ అందిన కన్ను కబురు ఆలస్యంగా పంపుతుంది. వెలుతురుని పదో వంతుకి తగ్గించే అద్దానికి ఆలస్యం సుమారు 10 మిల్లీసెకన్లు. మీటరు లోలకం నడిమధ్య వేగం పై ఊపుకి సెకనుకి 78 సెం.మీ. పది మిల్లీసెకన్లలో 7.8 మి.మీ. కదులుతుంది. అంటే ఒక కన్ను కాయని 7.8 మి.మీ. వెనక చోట చూస్తోంది. కళ్ల మధ్య దూరం 63 మి.మీ., చూసే దూరం 2 మీటర్లు. త్రిభుజాలు కడితే కాయ ఒకవైపు ఊపులో 22 సెం.మీ. దగ్గరగా, రెండోవైపు 28 సెం.మీ. దూరంగా తోస్తుంది. సెంటీమీటరు కూడా లేని వెనకబాటుకి అర మీటరు లోతు! 1922లో దీన్ని వివరించిన పుల్‌ఫ్రిక్ ఒక కంటితోనే చూసేవాడు, తన పేరు పెట్టుకున్న మాయని తానే చూడలేదు.

గంత కట్టి తీసిన కళ్లూ అలాంటివే. రెండూ వేర్వేరు సర్దుబాటులో ఉంటాయి, కదిలే వాటి దూరం తప్పుతుంది. ఒక కంటికే శుక్లం ఉన్నవాళ్లకీ ఇదే ఇబ్బంది.

అద్దాలషాపు (మంగళవారం, సాయంత్రం 4:12)
ప్రయోగం ఎవరికైనా పనిచేయకపోతే నల్లద్దాన్ని తప్పుపట్టకండి. మెల్లకన్నో, చిన్నప్పటి నుంచి ఒక కన్ను బలహీనమో ఉన్నవాళ్లకి రెండు కళ్ల లోతు ఏర్పడి ఉండదు. నిమ్మకాయ తిన్నగానే ఊగుతుంది. పిల్లల్లో ఎవరైనా అలా చెబితే తల్లిదండ్రులకి చెప్పి కంటి పరీక్షకి పంపండి, చిన్న వయసులోనే దారికొస్తుంది.

లోతుకొలత (మంగళవారం, సాయంత్రం 4:50)
ఇప్పుడు మెట్లు. మంచి వెలుతురులో రెండు కళ్ల లోతు గ్రహింపు సుమారు 20 ఆర్క్ సెకన్లు (ఒక్కోటి ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు) అనుకుందాం. ఆ లెక్కన 1 మీటరు దూరంలో 1.5 మి.మీ. తేడా తెలుస్తుంది. 5 మీటర్ల దగ్గర 4 సెం.మీ., 10 మీటర్ల దగ్గర 15 సెం.మీ. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు.

మసకలో ఆ 20 కాస్తా పదింతలై 200 అయిందనుకోండి. 5 మీటర్ల దగ్గర 38 సెం.మీ. మెట్టు పాదం వేసే వెడల్పే 30 సెం.మీ. అంటే ఒక మెట్టు మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. పైగా సన్నటి లోతు గ్రహించేది ఫోవియా, చీకట్లో అక్కడ గుంట అని పైన చెప్పారు. మిగిలేది నీడలు, అంచులు, తల కదిపినప్పుడు దగ్గరివి ఎక్కువగా జరగడం. అమావాస్య రాత్రి నీడలు లేవు. రెడ్ ఆక్సైడ్ మీద అంచులూ లేవు: మందారం లెక్కే, ఎరుపు నలుపవుతుంది, అడ్డమూ నిలువూ కలిసి ఒకే నల్ల జారుడుబల్ల. ఎర్ర టార్చి వేస్తే అంతా ఒకేలా ఎర్రబడుతుంది, అప్పుడూ అంచు తేలదు.

కాబట్టి మెట్ల దగ్గర లైటు మీద ఆధారపడకండి. ప్రతి మెట్టు అంచున సున్నం గీత గీయండి, పైదీ కిందదీ మాత్రమే కాదు, అన్నిటికీ. మెట్టు మధ్యలో గీస్తే ఇంకా ప్రమాదం, కాలు గీత మీద పెట్టబోయి జారుతుంది.

ఓం నియమం (మంగళవారం, సాయంత్రం 5:30)
సున్నం కన్నా మెరిసే టేపు మేలు కదా, లారీల వెనక అంటించేది?

లోతుకొలత (మంగళవారం, సాయంత్రం 5:44)
అది వెలుతురు వచ్చినవైపుకే తిప్పి కొడుతుంది. టార్చి మీ కంటి పక్కనే ఉంటే కళ్లు జిగేల్‌మంటాయి, టార్చి లేకపోతే అది ఉత్త బూడిద పట్టీ. సున్నం అన్నివైపులకీ సమానంగా చిమ్ముతుంది, చుక్కల వెలుతురుకి అదే కావాలి.

రెటీనా మాస్టారు (మంగళవారం, రాత్రి 8:05)
పేజీలో ఒక వరస ఆరోగ్యం గురించి కూడా చేర్చండి. అరగంట చీకట్లో కూర్చున్నా పక్కవాళ్లకి కనిపించేవి అసలు కనిపించకపోతే, సందెవేళ తడబడుతుంటే, అది రేచీకటి కావచ్చు. పిల్లల్లో సాధారణంగా విటమిన్ ఎ లోపం. కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ కూడా ఉంటే వెంటనే చూపించాలి. ప్రభుత్వ టీకాల పట్టికలో ఈ సిరప్ 9వ నెలలో లక్ష యూనిట్లు, తర్వాత ఆరు నెలలకోసారి 2 లక్షల చొప్పున ఐదేళ్ల దాకా ఉంటుంది, తప్పిపోయిందేమో అడగాలి. సొంతంగా మాత్రలు కొని మింగకూడదు, ముఖ్యంగా గర్భిణులు, ఎక్కువైతే హాని.

పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి రాత్రి చూపు తగ్గుతూ, పక్క చూపు కూడా ముడుచుకుపోతుంటే అది రెటైనైటిస్ పిగ్మెంటోసా కావచ్చు. మునగాకు, క్యారెట్‌లతో కుదిరేది కాదు. ఇది చాలాసార్లు తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే లోపం ఉన్న జన్యువు అందితే వస్తుంది, అందుకే మేనరికాలున్న కుటుంబాల్లో అవకాశం పెరుగుతుంది.

మసకవెలుగు (బుధవారం, ఉదయం 7:15)
పేజీ సిద్ధం. ఫోన్ల గురించి ‘స్విచాఫ్’ అనే రాశాను, ఎర్ర మోడ్ అంటే ఎల్‌సీడీ తెరల్లో వెనక లైటు కారుతూనే ఉంటుందట. కార్లలో వచ్చేవాళ్లని డోరు తీయగానే వెలిగే లోపలి లైటు ముందే ఆపుకోమన్నాను.

చివరి ప్రశ్న, సున్నం గీత వెడల్పు ఎంత?

లోతుకొలత (బుధవారం, ఉదయం 7:40)
దండకణాల చూపు పదును పగటి చూపులో పదో వంతు అనుకున్నా, 10 ఆర్క్ నిమిషాల కన్నా సన్నటిది తెలియదు. 5 మీటర్ల దగ్గర అది దాదాపు 1.5 సెం.మీ. చుక్కల వెలుతురుకి అంతకన్నా మొద్దుబారుతుంది కాబట్టి 5 సెం.మీ. వేయండి. సాయంత్రం నాలుగింటికే పూసి ఆరనివ్వండి. తడిసిన సున్నం తెల్లగా కనబడదు, జారుతుంది కూడా.

చుక్కలబండి (బుధవారం, ఉదయం 8:02)
జిగురు కలపడం మర్చిపోకండి, లేకపోతే మొదటి పది మంది చెప్పులకే అంటుకుపోతుంది.